పసుపు ఊళ్లో లిట్మస్ కాగితం

నిజామాబాద్‌లో ఒక మధ్యతరగతి ఇంటికి ఢిల్లీ నుంచి కొరియర్‌లో డబ్బా వచ్చిందనుకోండి. మూత మీద తెల్లకోటు తొడుక్కున్న పిల్లాడి బొమ్మ, కళ్లకు పెద్ద అద్దాలు, చేతిలో పొగలు కక్కే గాజు గొట్టం. లోపల ప్లాస్టిక్ గొట్టాలు, రబ్బరు తొడుగులు, నంబర్లు వేసిన పొట్లాలు. వెల వెయ్యి రూపాయల పైచిలుకు. సైన్సు కదా, శుభమా అని మొదలుపెడుతున్నాం కదా అని రాహుకాలం పోయేదాకా ఆగి మరీ తెరిచారు. మూడో నంబరు పొట్లం మీద ‘నేచురల్ ఇండికేటర్’ అని ఉంది. ఏది ఆమ్లమో ఏది క్షారమో రంగు మార్చి చెప్పే మహత్తర పదార్థమట. మొత్తం రెండు చెంచాలు. నాన్న కత్తెరతో మూల కోశాడు. వాసన చూశాడు. నమ్మలేక మళ్లీ చూశాడు.

పసుపు.

ఆ ఇంటి నుంచి ఆటో ఎక్కితే మార్కెట్ యార్డు ఎంతో దూరం లేదు. సంక్రాంతి దాటిందంటే ఆర్మూరు, బాల్కొండ నుంచి, అటు జగిత్యాల జిల్లా మెట్‌పల్లి నుంచి కూడా పసుపు బస్తాలు దిగుతుంటాయి. కొమ్ము వేరు, గోళ వేరుగా కుప్పలు పోస్తారు. పసుపు బోర్డు కావాలని ఈ జిల్లా రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో ఇక్కడ 185 మంది పోటీలో నిలబడితే అందులో 170 మందికి పైగా రైతులే. పోలింగు కేంద్రంలో బ్యాలెట్ యూనిట్లు డజను చొప్పున వరసగా పేర్చాల్సి వచ్చింది. చివరికి 2025 జనవరిలో బోర్డు వచ్చింది, ప్రధాన కార్యాలయం ఈ ఊరికే దక్కింది. అంతటి ఊరికి రెండు చెంచాల పసుపు కొరియర్‌లో దిగింది. జీఎస్టీ అదనం.

ఇంతకూ వంటింట్లో నానమ్మ ఉంది. మనవడికి ఒళ్లు వెచ్చబడ్డప్పుడల్లా పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు వేసి, చిటికెడు సున్నం కలిపి, ఎర్రనీళ్లు చేసి దిష్టి తీసింది ఆవిడే. ఇంటి పెళ్లిళ్లకు పారాణి కలిపిందీ ఆవిడే. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంటుందనీ, మామూలు నీళ్లలో, పులుపులో పచ్చగా ఉండే ఆ పదార్థం గట్టి క్షారం తగలగానే ఎర్రబడుతుందనీ ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఎంత సున్నానికి ఎంత ఎరుపు వస్తుందో మాత్రం ఆమె చేతికి తెలుసు. డబ్బాలోని రంగుల పుస్తకం చెప్పేది అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

“గిది నేను ఎప్పుడూ చేసేదే గద బిడ్డా” అంది ఆవిడ.

“అమ్మా, నువ్వు చేసేది మూఢనమ్మకం. వీడు చేసేది సైన్సు” అన్నాడు రాహుకాలం చూసిన కొడుకు.

నీళ్లు అవే, పసుపు అదే, సున్నం అదే. తేడా ఆ రబ్బరు తొడుగుల్లో ఉంది కాబోలు.

నిజానికి ఆ పళ్లెంలో రెండూ ఉన్నాయి. దిష్టి పోతుందన్నది నమ్మకం. రంగు మారుతుందన్నది నిజం. ఏది ఏదో విడదీసి చూసుకోవడానికి ఏడేళ్ల పిల్లాడికి అంతకన్నా మంచి పళ్లెం ఏ డబ్బాలోనూ దొరకదు. జ్వరం లేని రోజున కూడా నీళ్లు ఎర్రబడతాయా? పక్కింటి పిల్లిని కూర్చోబెట్టి తిప్పితే? అసలు ఎవర్నీ కూర్చోబెట్టకుండా ఖాళీ పీట ముందు తిప్పితే? సున్నానికి బదులు బట్టల సబ్బు నీళ్లు పోస్తే? అన్నిసార్లూ ఎర్రబడుతుంది. ఎర్రబడటానికి దిష్టితో పని లేదని వాడే కనిపెడతాడు. ఆ తర్వాత నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు తిరుగుతుంది, అప్పుడు నానమ్మ కూడా కొంగు సర్దుకుని దగ్గరికి జరుగుతుంది. ఒక మూఢనమ్మకాన్ని ఎవర్నీ నొప్పించకుండా, ఉపన్యాసం దంచకుండా, ఇంట్లోనే పరీక్షకు పెట్టే మార్గం ఇది. హేతువాద సభల్లో మైకు పట్టుకుని గొంతు చించుకున్నా రాని ఫలితం.

కానీ అలా జరగదు. అలా జరగాలంటే ముందు నాన్న తన రాహుకాలాన్ని కూడా ఆ పీట మీద కూర్చోబెట్టాల్సి వస్తుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకు ఎప్పటినుంచో ఉంది. ఆ చెట్టు ఆకునే కోసి, ఎండబెట్టి, డబ్బాలో పోసి తిరిగి అమ్మితే అదే ఆకు భేషుగ్గా పనికొస్తుందని వ్యాపారులు కనిపెట్టారు. వాళ్ల ప్రయోగం ఒక్కటే ప్రతి ఇంట్లోనూ విజయవంతం అవుతోంది.

ఇక అసలు ఘట్టం. టేబుల్ మీద బట్ట పరిచారు. లైటు సర్దారు. ఫోను స్టాండుకు బిగించారు. పిల్లాడికి ఇస్త్రీ చొక్కా తొడిగారు. పసుపు నీళ్లలో సబ్బు నీళ్లు పోసింది నాన్న, ఎందుకంటే పిల్లాడు పోస్తే ఒలకబోస్తాడు. కలిపింది అమ్మ, ఎందుకంటే పిల్లాడు కలిపితే చొక్కాకు అంటుకుంటుంది. పిల్లాడి బాధ్యత ఆశ్చర్యపోవడం. మొదటిసారి వాడు నిజంగానే నోరు తెరిచాడు, అయితే అప్పుడు ఫోనులో జాగా లేదని వచ్చింది. పాత పెళ్లి వీడియోలు రెండు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి వాడికి ఏం జరగబోతుందో తెలుసు కాబట్టి ముఖం మామూలుగానే ఉంది. “ఆశ్చర్యపోరా! ఇందాకటి లెక్క ఆశ్చర్యపో!” అని నాన్న గదిమాడు. మూడోసారికి వాడు ఆశ్చర్యపోవడం నేర్చుకున్నాడు. రీలు కింద ‘లిటిల్ సైంటిస్ట్’ అని పెట్టారు. ఆ ఇంట్లో ఆ రోజు పిల్లాడు నేర్చింది నటన.

ఆ చొక్కాకు పసుపు అంటి ఉంటేనే బాగుండేది. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడుతుంది, కడిగితే మళ్లీ పసుపే మిగులుతుంది, ఎండలో ఆరేస్తే క్రమంగా వెలిసిపోతుంది. మరక సగాన్ని గిన్నె బోర్లించి కప్పి, మిగతా సగాన్ని ఎండకు వదిలేస్తే సాయంత్రానికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కర్క్యుమిన్‌ను వెలుతురు విరగ్గొడుతుంది. నిజామాబాద్ ఎండకు ఆ పని పెద్ద లెక్క కాదు. పసుపు నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. కరోనా నాటి శానిటైజర్ సీసాలు ప్రతి బీరువా వెనకా ఉండే ఉంటాయి. అందులో పసుపు కలిపి, కాఫీ వడపోసే కాగితమో, తెల్లటి అద్దుడు కాగితమో ముంచి ఆరబెడితే అదే లిట్మస్‌కు అన్నదమ్ముడు. పైసా ఖర్చు లేదు. పైసా ఖర్చు లేదు కాబట్టే విలువా లేదు.

డబ్బాలో నాలుగో నంబరు ప్రయోగం అగ్నిపర్వతం. ప్రపంచంలో పిల్లల సైన్సు అనే పేరెత్తితే ఈ అగ్నిపర్వతం లేకుండా ఎవరూ వదలరు. ప్లాస్టిక్ కొండ బోలులో వంటసోడా పోసి, ఎర్రరంగు కలిపిన వెనిగర్ ఒంపాలి. ఇంట్లో చింతపండు ఉంది, నిమ్మకాయలు ఉన్నాయి, పులిసిన మజ్జిగ ఉంది. పుస్తకంలో వెనిగర్ అని ఉంది కాబట్టి నాన్న స్కూటరు తీసి వెనిగర్ కోసం బయలుదేరాడు. నురగ పొంగింది, చప్పట్లు కొట్టారు, అయిపోయింది. నిజం అగ్నిపర్వతంలో వంటసోడా ఉండదనీ, ఈ నురగకూ లావాకూ రంగు తప్ప చుట్టరికం లేదనీ ఎవరూ అనలేదు. చింతపండు పులుసు పోస్తే ఎంత పొంగుతుంది, నిమ్మరసం పోస్తే ఎంత, రెండు చెంచాల సోడాకు రెట్టింపు పొంగుతుందా అని కొలిచి ఉంటే అది ప్రయోగం. ఆ పొంగులో పుట్టిన వాయువును గ్లాసులోనే నిలవనిచ్చి, గ్లాసును మెల్లగా వంచి వెలుగుతున్న ప్రమిద మీద ‘పోస్తే’, కంటికేమీ కనపడకుండానే దీపం ఆరిపోతుంది. “ఏం పొయ్యలేదు గద డాడీ, ఎట్ల ఆరింది?” అని పిల్లాడు అడుగుతాడు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువని తెలిసే క్షణం అది. కానీ దీపం కొండెక్కితే అపశకునమని ఆ ఇంట్లో దానికి అనుమతి లేదు.

అగ్నిపర్వతమే కావాలంటే బోధన్ దాటి పడమటికి, మద్నూరు, జుక్కల్ వైపు వెళ్లే బస్సు ఎక్కితే సరిపోయేది. దారికి రెండు పక్కలా కనిపించే నల్లరేగడి నిజం లావా పెట్టిన భిక్ష. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి దక్కను పీఠభూమిని కప్పేసిన లావా గడ్డకట్టి, అరిగి, ఆ నల్లమట్టి అయింది. నిజామాబాద్ చుట్టుపక్కల గుట్టలు వేరే జాతి, గ్రానైటు, వయసులో దానికన్నా ఎన్నో రెట్లు పెద్దవి. ఒక గ్లాసులో రేగడి, ఇంకో గ్లాసులో ఎర్రమట్టి వేసి, సమానంగా నీళ్లు పోసి, ఏది పట్టుకుంటుందో ఏది వదిలేస్తుందో చూడమంటే ఐదేళ్ల పిల్ల చూస్తుంది. ఎండబెట్టాక రేగడి ఎందుకు పగుళ్లిస్తుందో అడుగుతుంది. అడగకపోతే బాగుండునని మనం అనుకుంటాం, జవాబు తెలియదు కాబట్టి. ప్లాస్టిక్ కొండతో ఆ ప్రమాదం లేదు.

ఇంటి సంగతి ఇలా ఉంటే బడి సంగతి చెప్పనక్కర్లేదు. రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో మెసేజ్: రేపు సైన్స్ ఎక్స్‌పో, ప్రతి విద్యార్థీ వర్కింగ్ మోడల్ తేవలెను. రెండో తరగతి విద్యార్థి నిద్రపోయి ఉంటాడు. నాన్న స్టేషనరీ దుకాణానికి పరిగెడతాడు. అక్కడ విజ్ఞానమంతా రెడీమేడ్‌గా వేలాడుతూ ఉంటుంది: థర్మోకోల్ ఇంకుడుగుంత, బల్బులు మెరిసే స్మార్ట్ విలేజ్, సిరంజిల హైడ్రాలిక్ లిఫ్ట్. బేరమాడి ఒకటి తెస్తాడు. అమ్మ మెరుపు కాగితం అంటిస్తుంది. పొద్దున పిల్లాడు దాన్ని మోస్తాడు. వాడి చేతికి దక్కే శాస్త్రం ఆ బరువు ఒక్కటే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గురుత్వాకర్షణ మాత్రం వాడికి అనుభవంలోకి వస్తుంది.

న్యాయనిర్ణేత వచ్చి “ఇది ఎలా పనిచేస్తుంది నాన్నా?” అని అడుగుతాడు. పిల్లాడు కళ్లు మూసుకుని పాస్కల్ సూత్రం ఇంగ్లిషులో అప్పజెబుతాడు. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే వెనక నిలబడ్డ తల్లి పెదాలు కదుపుతుంది. మొదటి బహుమతి ఇచ్చింది తల్లికో దుకాణదారుకో తేలదు. ఇదంతా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం పేరు మీద. 1928లో అదే రోజున సి.వి.రామన్ చూసిన దాన్ని ఎండ వెలుగు, కాంతిని వడగట్టే గాజు పలకలు, తన కళ్లు పెట్టుకుని చూశాడు. థర్మోకోల్ వాడిన దాఖలాలు లేవు.

ఆ సిరంజి దగ్గర కాసేపు ఆగాలి. జిల్లాలో సైన్సు ఫెయిర్లకు ఖర్చయ్యే సిరంజిలు ఆసుపత్రుల వాడకంతో పోటీ పడేలా ఉన్నాయి. అన్నీ లిఫ్టులే ఎత్తుతాయి, అదీ తెలిసిన ఎత్తుకే. సూది లేని ఒక సిరంజిలోకి బాగా వేడెక్కిన, మరగని నీళ్లు కాసిన్ని పెద్దవాళ్లు ఎక్కించి ఇచ్చి, ముందు కొనను గట్టిగా మూసి, వెనక కాడను లాగితే ఏమవుతుందో ఎప్పుడైనా చూశారా? నీళ్లు మరుగుతాయి. పొయ్యి లేదు, మంట లేదు, బుడగలు లేచి తెర్లుతాయి. కాడ వదిలేస్తే ఊరుకుంటాయి. లోపల ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. పది రూపాయల సిరంజిలో ఇమిడిన ఈ సంగతి మీదనే బోధన్ బతికింది.

అవును, బోధన్. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ లేచిన షక్కర్‌నగర్, ఆసియాలోనే పెద్దదని ఈ జిల్లా మనిషి మూడు తరాలు చెప్పుకున్న ఫ్యాక్టరీ. చెరుకు రసాన్ని మామూలు మంట మీద గట్టిగా కాస్తే చక్కెర మాడుతుంది, రంగు తిరుగుతుంది, కొంత విరిగిపోతుంది. అందుకని గాలి లాగేసిన పాన్లలో, ఒత్తిడి తగ్గించి, నీళ్లు మరిగే వేడికన్నా చాలా తక్కువ వేడి మీద చిక్కబరుస్తారు. అంతకు ముందు రసంలోని మురికి దించడానికి సున్నం పాలు కలుపుతారు, గంధకం పొగ పట్టిస్తారు. నానమ్మ పళ్లెంలో పసుపును ఎర్రబరిచిన సున్నమే అక్కడ చెరుకు రసాన్ని తేటపరిచింది. బెల్లం గానుగ దగ్గర కూడా అదే సున్నం, తోడుగా బెండ మొక్క కాండం పిసికి తీసిన జిగురు. పాన్‌లో పాకం ఎంతవరకు వచ్చిందో చక్కెర ఫ్యాక్టరీల్లో పాతకాలపు పనివాళ్లు రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసేవారు. అరిసెల నాడు మన ఇళ్లలో ఆడవాళ్లు తీగపాకమా ఉండపాకమా అని చూసే పరీక్ష అదే. వాళ్లకు నెలజీతం, వీళ్లకు పొయ్యి సెగ. పరిజ్ఞానం ఒక్కటే.

ఇంట్లో ఆ ఫ్యాక్టరీని గ్లాసులో పెట్టొచ్చు. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్లు సుమారు 200 గ్రాముల చక్కెరను కరిగించుకుంటాయి. మరిగే నీళ్లయితే దానికి రెట్టింపు పైగా మింగుతాయి. మరిగే పాకం ఒంటి మీద పడితే నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది కాబట్టి కాచే పని పెద్దవాళ్లదే. కాస్త చల్లారాక గ్లాసులో పోసి, చక్కెర పలుకులు అంటించిన దారం వేలాడదీసి, కదపకుండా పెడితే రోజుల తరబడి పటికబెల్లం పెరుగుతుంది. ఒక గ్లాసును కదపకుండా, ఇంకోదాన్ని అటూ ఇటూ కదుపుతూ ఉంచితే పలుకుల సైజులో తేడా వస్తుంది. ఎందుకో పిల్లలు తమ మాటల్లో తామే చెబుతారు, విని సరిదిద్దాలని మనకు నోరు దురద పుట్టకపోతే. దీనికి ఒకటే లోపం. వారం పడుతుంది. వారం రోజుల రీలు ఎవరూ చూడరు. పైగా మూడో రోజుకు నాన్నకే ఓపిక నశించి దారం పైకి లాగి చూస్తాడు.

2002లో ఆ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకు అప్పగించారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు యూనిట్లూ మూసేశారు. కాకతాళీయం కావచ్చు, మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమాన్ని ఆపేసిందీ 2002లోనే. 1972లో 16 బడులతో మొదలై, పల్లె పిల్లల చేతుల్లో పుల్లలూ సీసాలూ పెట్టి, మీరే చేసి మీరే రాయండని చెప్పిన కార్యక్రమం అది. అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలతో బొమ్మలు చేసి లోకమంతా తిరిగిన అరవింద్ గుప్తాకు పాఠం దొరికింది అక్కడే. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. బడి మూసి బిరుదివ్వడంలో మన ప్రభుత్వాలది అందె వేసిన చెయ్యి. బోధన్‌లో యంత్రాలు ఇప్పుడు తుప్పు పడుతున్నాయి. ఇనుము, నీరు, గాలి కలిసి చేసే చర్య. పాఠ్యపుస్తకంలో మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసి చూపిస్తారు. ఇక్కడ ఒక ఊరికి ఊరే వేసి చూపించారు.

పిల్లల దగ్గరికే వద్దాం. ‘ముట్టకు’ అన్న మాట మన ఇళ్లలో రోజుకెన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టడమే ఒక మంచి ప్రయోగం, పిల్లలు సునాయాసంగా చేయగలిగేది. పొయ్యి ముట్టకు, నీళ్లు ముట్టకు, మట్టి ముట్టకు, ఫోను మాత్రం తీసుకుని మూల కూర్చో. నిజామాబాద్ ఖిల్లా జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథికి దండలేస్తాం. ఇంటి గోడ మీద బొగ్గుతో గీత గీసిన పిల్లాడికి దెబ్బలేస్తాం. డబ్బా మీద ‘పెద్దల పర్యవేక్షణలో మాత్రమే’ అని ఎర్రక్షరాలతో ఉంటుంది. పర్యవేక్షణ అంటే పక్కన ఉండి చూడటం. మనం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, మనం చేసి, వాళ్లను చూడమంటున్నాం.

భయం ఉండాల్సిన చోట మాత్రం ఉండదు. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. తాంబూలం సున్నం డబ్బీ పిల్లలకు అందేచోటే ఉంటుంది. రంగు మార్చడానికి సబ్బు నీళ్లు చాలు, పసిపిల్లల చేతికి సున్నం ఇవ్వనే కూడదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే ఇళ్లు నాకు తెలుసు. ఆ ఇళ్లలోనే పిల్లాడు మజ్జిగలో వంటసోడా కలిపితే ఇల్లు లేచిపోతుందన్నంత గోల.

మరి బడిలో చేతులతో చేసే అదృష్టం పెద్దయ్యాక వస్తుందా? వస్తుంది, రికార్డు పుస్తకం రూపంలో. ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం, జాగ్రత్తలు. అన్నీ పోయినేడాది సీనియర్ రికార్డులోంచి ఎక్కించుకోవచ్చు. పరిశీలన కూడా ఎక్కించుకోవచ్చు! ఏ కన్నూ చూడకుండా పరిశీలించే పద్ధతిని ప్రపంచానికి ఇచ్చింది మనమే. ప్రయోగశాల తాళం తనిఖీ రోజున తీస్తారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఉంది కాబట్టి ప్రశ్నకు నాలుగు జవాబులు ముందే ఇచ్చేస్తారు. ఐదో జవాబు తోచిన పిల్లాడికి మైనస్ మార్కు. జన విజ్ఞాన వేదిక వాళ్లు చెకుముకి సంబరాలు పెట్టి పిల్లల్ని పిలిస్తే, తిరిగొచ్చిన పిల్లను తల్లిదండ్రులు అడిగేది ఒకటే: “ర్యాంకు ఎంతొచ్చింది?” శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో 51ఎ అధికరణం కింద చేర్చారు. విధి అనేసరికి మనవాళ్లు నుదుటి రాత అనుకున్నట్టున్నారు, వదిలేశారు.

నా అనుమానం ఏమిటంటే పెద్దవాళ్లు ఇవన్నీ తెలియక చేయడం లేదు. తెలిసే చేస్తున్నారు. గ్లాసులో ఏం జరుగుతుందో చూసి నమ్మడం అలవాటైన పిల్ల గ్లాసు దగ్గర ఆగదు. గ్లాసెడు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా వదిలితే మంచి పసుపు అడుగుకు దిగి నీళ్లు లేతగా మిగులుతాయి, రంగు కలిపిన పసుపు నీళ్లను చిక్కటి పచ్చగా చేస్తుంది. ఆహార భద్రతా సంస్థ వాళ్లే ఇంట్లో చేసుకోమని చెప్పిన పరీక్ష ఇది. పసుపు ఊళ్లో పుట్టిన పిల్ల ఈ పరీక్ష నేర్చి, కిరాణా కొట్లో నిలబడి, “అంకుల్, ఒక గిలాస నీళ్లియ్యుండ్రి” అంటే ఆ అంకుల్ మన బంధువే అయ్యుంటాడు. రేపు తూకం రాళ్లు చూస్తానంటుంది. ఎల్లుండి కాంటా మీద తేమ పేరుతో ఎన్ని కిలోలు కోశారని తాత తరఫున యార్డులో అడుగుతుంది. ఆపైన రాహుకాలం. అలాంటి పిల్లతో ఇంట్లో ఎవరికీ క్షేమం కాదు. అందుకే ఆమెకు ప్లాస్టిక్ అగ్నిపర్వతం కొనిస్తున్నాం.

అయినా ఎవరో ఒకరు తప్పించుకుంటారు. బోధన్‌లో అలాంటి పిల్ల ఒకతె సైన్సు రికార్డు తానే రాసుకుందనుకుందాం, ఎవరి పుస్తకం చూసీ ఎక్కించకుండా. ఆ పేజీ ఇలా ఉంటుంది.

ఉద్దేశం: నిజాం షుగర్ ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుందని నిరూపించుట.

కావలసిన పరికరాలు: హామీలు (తగినన్ని), మైకు, కమిటీ (2024 జనవరిలో వేసినది ఒకటి), కొబ్బరికాయలు, రైతులు.

విధానం: ఎన్నికలకు ముందు హామీని జనం మధ్య ఉంచి బాగా వేడి చేయవలెను. ఎన్నికల తర్వాత చల్లారనిచ్చి, కదపకుండా ఐదేళ్లు వదిలేయవలెను. తిరిగి వేడి చేయవలెను.

పరిశీలన: ప్రతిసారీ నురగ వచ్చినది. పలుకు కట్టలేదు. చెరుకు వేసిన రైతులు వరి వేసుకున్నారు. తాత ఫ్యాక్టరీ సైరన్ కోసం ఇంకా గడియారం చూస్తున్నాడు.

ఫలితం: సరిచూడబడలేదు.

జాగ్రత్తలు: ఈ ప్రయోగాన్ని ఇకమీదట పెద్దల పర్యవేక్షణలో చేయరాదు.